తడి చెయ్యి

ఆ ఇంట్లో పని రెండు ముక్కలు. తడి పని ఆవిడది, పొడి పని ఆయనది. కోడిని వేడినీళ్ళలో ముంచి ఈకలు పీకడం, పొట్ట కోసి పేగులు తీయడం, నాలుగు నీళ్ళలో కడిగి ఓడ్చడం తడి పని. ఆ కోడిని డ్రమ్ములో వేలాడదీసి, పొగ పెట్టి, తోలు ఎండుటాకులా విరిగేలా కాల్చి అమ్మడం పొడి పని. పెళ్ళయిన మొదటి వారంలోనే ఆయన ఈ పంపకం చేసేశాడు. ఇరవై రెండేళ్ళలో ఆ గీత ఆయన దాటలేదు, ఆవిడను దాటనివ్వలేదు.

ఇల్లంటే మేడ మీద ఒక గది, దాని ముందు రేకుల వసారా. కింద కుట్టుమిషను పెట్టుకుని బతికే ఒకావిడ. అక్కణ్ణుంచి సందు వెంట పది నిమిషాలు నడిస్తే మార్కెట్టు. మార్కెట్టు చివర, చేపల వరుస అయిపోయాక, ఇటుక గోడలూ పైన రేకూ ఉన్న చిన్న కొట్టం. లోపల నూనె పీపాతో చేసిన డ్రమ్ము. బయట కుళాయి. కుళాయి దగ్గర ఆవిడ, డ్రమ్ము దగ్గర ఆయన, మధ్యలో గడప.

ఆయన్ని మార్కెట్టంతా పొగాయన అనేది. ఆ పేరు పనితనం వల్ల వచ్చింది. ఆవిడ పేరు మాత్రం పదిమందిలో పడిన మాట వల్ల వచ్చింది.

పెళ్ళయిన మూడో ఏడు, ఆవిడ తండ్రికి ఒంట్లో బాగోలేదని కబురొచ్చింది. అది చెప్పడానికి గడప దాటి లోపలికి వెళ్ళింది. ఆయన కోళ్ళు తిప్పుతూనే ఉన్నాడు. చేతిలో పని తీరితే వింటాడేమోనని, తానే చెయ్యి చాచి కాలిన కోడి ఉన్న కొక్కెం పట్టుకుంది. మోచేతి నుంచి జారిన నీళ్ళు కోడి మీద కారాయి. ఆయన ఆ కోడిని లాక్కుని, కొనడానికి వచ్చిన నలుగురి ముందూ నేలకేసి కొట్టాడు.

“ఇది చెయ్యి కాదు, కుళాయి! ఈవిడ తాకితే కాలిన తోలు కూడా తడిగుడ్డ అయిపోతుంది.”

నలుగురూ నవ్వారు. సాయంత్రానికల్లా చేపలవాళ్ళు ఆవిడను నీళ్ళక్క అని పిలిచారు. పేరు అతుక్కుపోయింది. తండ్రి సంగతి ఆయనకు మర్నాడు చెప్పగలిగింది. అప్పటికి చెప్పాల్సిన కబురే మారిపోయింది.

పొగ వాసన ఎవడైనా పట్టించగలడు. కానీ పొగ పెట్టిన కోడికి తోలు సాగుతుంది, చెప్పు కింద తోలులా పళ్ళకు చిక్కుకుని ఊడిరాదు. పొగాయన కోడికి అలా కాదు. విరిగితే పక్క కొట్టువాడు తలెత్తి చూడాలనేవాడు, చూసేవాడు కూడా. డబ్బా పట్టుకొచ్చిన వాళ్ళను మాత్రం నిలబడనిచ్చేవాడు కాదు. “డబ్బావాళ్ళకి కోడి లేదు. పళ్ళెం తెచ్చుకో, లేదంటే చేత్తో పట్టుకుపో” అనేవాడు. పొగ ఉన్నచోట ఆ మాత్రం పొగరు ఉండదా అని చేపలవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. అది ఆయన తిక్కల్లో ఒకటని ఆవిడా అనుకుంది.

ఆయన ఇంటికి ఎప్పుడొస్తాడో తెలియదు. అందుకని వండిన ప్రతిదాని మీదా ఆవిడ మూత పెట్టేది. గిన్నె మీద గిన్నె, పళ్ళెం మీద పళ్ళెం. మూత లేని గిన్నె కనిపిస్తే ఆవిడ చెయ్యి దానంతటదే మూతను వెతుక్కునేది. ఆ ఇంట్లో కోడి కూడా వండేవాళ్ళు, కానీ మెడలూ కాలివేళ్ళూ మాత్రమే. తోలు అమ్మకానికి, మెడ ఇంటికి. అది కూడా ఆయన పెట్టిన పంపకమే.

*

గొంతులో గరగర మొదలైనప్పుడు ఆయన లెక్కచేయలేదు. పొగ దగ్గర బతికేవాడి గొంతు గంటలా మోగుతుందా అని నవ్వాడు. కొన్నాళ్ళకు ఆ నవ్వే వినపడకుండా పోయింది. పెద్దాసుపత్రిలో గొంతు పెట్టె తీసేశారు. మెడ ముందు ఒక రంధ్రం, ముక్కులోంచి కడుపులోకి ఒక గొట్టం మిగిలాయి. గాలి రంధ్రంలోంచి, తిండి గొట్టంలోంచి. ముక్కుకు వాసన లేదు, నాలుకకు పని లేదు. చెవులు మాత్రం ముందుకన్నా చురుకయ్యాయి. కింద కుట్టుమిషనులో దారం తెగితే మేడ మీద ఆయన కళ్ళు తెరిచేవాడు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఆవిడను పక్కకు పిలిచి, “ఈ నెల. మహా అయితే వచ్చే నెల” అన్నాడు.

పాలు, పళ్ళరసం, మందు కలిపిన నీళ్ళు గొట్టంలో పోయాలి. రంధ్రం తుడవాలి, గుడ్డలు ఉతకాలి. అంతా తడి పనే, కాబట్టి అంతా ఆవిడదే. మాటలకు మంచం పక్కన ఒక పలక, బలపం. పలక పట్టుకునే ఓపిక లేనప్పుడు స్పూనుతో మంచం ఇనుప కమ్మీ మీద కొట్టేవాడు. ఒక దెబ్బ అంటే అవును, రెండు దెబ్బలంటే కాదు, వరసగా కొడితే ఇంకా కావాలని.

ఒక మధ్యాహ్నం మార్కెట్టు సూపర్‌వైజరు మేడెక్కి గుమ్మంలోనే నిలబడ్డాడు. మంచం వైపు చూడకుండా గోడతో మాట్లాడాడు.

“డ్రమ్ము చల్లారి డెబ్బై రోజులైంది. తొంభై దాటితే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేయాలి, నా చేతిలో లేదు. ఎవరి పేరుకు మారుస్తారో ఈ కాగితంలో రాసి సంతకం పెట్టండి.”

సామాన్ల ఆటో నడిపే మరిది అప్పుడు అక్కడే ఉన్నాడు. సూపర్‌వైజరు మెట్లు దిగకముందే కాగితం అందుకున్నాడు.

“దీనికి ఆలోచనెందుకు అన్నయ్యా? నా పేరు రాసెయ్. డ్రమ్ము నేను నడుపుతా. నీళ్ళ పని ఎలాగూ వదినదే, ఎక్కడికి పోతుంది?”

“నా పేరు రాస్తే?” అంది ఆవిడ.

గదిలోకి ఎవరో కొత్త మనిషి వచ్చినట్టు ఇద్దరూ తిరిగి చూశారు.

“నువ్వా వదినా?” మరిది నవ్వు బిగబట్టాడు. “కాలుస్తావా, ఉడకేస్తావా?”

“ఏదో ఒకటి చేస్తా. మీ అన్నయ్య ఉన్నాడు కాబట్టి ఇన్నాళ్ళూ గడప బయట కూర్చున్నా. ఆయన పోయాక కూడా అక్కడే కూర్చుని నీ కోళ్ళు కడగమంటావా? నీకు కోపమొస్తే ఆ కుళాయి కూడా ఉండదు నాకు.”

ఆయన పోయాక అన్న మాట ఆయన ముందే అనేసింది. అన్నాక నాలుక కరుచుకుంది. కానీ ఆయన ముఖం మారలేదు. పలక తీసుకుని చాలాసేపు రాశాడు.

తోలు విరగాలి. నాకు వినపడాలి. ఎవరు విరిస్తే వాళ్ళ పేరు.

“మాటంటే మాటేగా?” ఆవిడ అడిగింది.

కమ్మీ మీద ఒక దెబ్బ.

*

ముందు మరిది తెచ్చాడు, మర్నాడే. కోడికి పొగ పెట్టి, పైన గ్యాసు మంటతో ఇనుము కాల్చినట్టు కాల్చాడు. తోలు బొగ్గురంగులో మెరిసింది. అన్న చెవి దగ్గర కూర్చుని కొరికాడు. చప్పుడైతే వచ్చింది.

“విన్నావా అన్నయ్యా? ఇంకేం కావాలి?”

రెండు దెబ్బలు. పలక మీద: కాగితం కాల్చావు.

మరిది నోట్లోది కిటికీలోంచి ఉమ్మేశాడు. “చేదుందిలే నిజమే. వదిన చేశాక చూద్దాం, నవ్వుకోడానికైనా ఏదో ఒకటుండాలి” అని వెళ్ళాడు. వచ్చినప్పటికంటే నెమ్మదిగా మెట్లు దిగాడు. తొందరేం లేదనుకున్నాడు. ఆవిడకు పద్ధెనిమిది రోజులున్నాయి.

ఇరవై రెండేళ్ళలో రెండోసారి ఆవిడ గడప దాటింది. కొట్టంలో సాలెగూళ్ళు, మసి, చల్లబడిన కొవ్వు వాసన. ఆయన్ని అడగవచ్చునన్న ఆలోచన రాకపోలేదు. అడిగితే ఆ కోడి నేలకేసి కొట్టిన చప్పుడు మళ్ళీ వినాల్సి వస్తుందనిపించింది. డ్రమ్ము అడుగున ఒక వెడల్పాటి బేసిను కనిపించింది. బేసిను కనిపిస్తే ఏం పోయాలో ఆవిడకు ఒకరు చెప్పక్కర్లేదు. నిండా నీళ్ళు పోసింది. బయట దొరికిన పచ్చికట్టెలు పెట్టింది. నాలుగు గంటలు తెల్లటి పొగ వచ్చింది. ఇంటికి తెచ్చి కొరికితే ఆ కోడి తోలు పంటికింద సాగి సాగి, చివరికి చేత్తో లాగాల్సి వచ్చింది. ఆయన రెండు దెబ్బలు కొట్టి కళ్ళు మూసుకున్నాడు.

మర్నాడు ఆ బేసినును కుళాయి కింద తోముతూ ఆగిపోయింది. నీళ్ళు మరిగిన గిన్నె ఎలా ఉంటుందో ఆవిడకు తెలిసినట్టు ఆ మార్కెట్టులో ఎవరికీ తెలియదు. ఆ కుళాయి నీళ్ళు ఉప్పునీళ్ళు. నెల రోజులు కాచిన గిన్నెకు లోపల తెల్లటి చార కడుతుంది, ఎంత తోమినా పోదు. ఈ బేసినుకు చార లేదు. దానికి అంటుకున్నదంతా కొవ్వు. ఇరవై రెండేళ్ళలో ఆయన ఇందులో ఒక్కసారి కూడా నీళ్ళు పోయలేదన్నమాట. కారే కొవ్వు పట్టడానికి పెట్టిందిది.

అప్పుడు కొట్టం మొత్తం మళ్ళీ చూసింది, నీళ్ళు ఎక్కడ లేవో వెతుకుతూ. వెనక కిటికీ దగ్గర వరసగా కొక్కేలు, వాటికి మసి లేదు. అంటే అక్కడ వేలాడింది పచ్చి కోళ్ళే. వాటికెదురుగా రెక్కలకు ధూళి పేరుకున్న పాత టేబులు ఫ్యాను. కింద నేల మీద తెల్లగా ఎండిపోయిన మరకలు. వేలితో తీసి నాలుకకు రాసుకుంటే ఉప్పు. తాను పొద్దున కడిగిచ్చిన కోడిని ఆయన ఆ రోజు అమ్మేవాడు కాదు, మర్నాడు అమ్మేవాడు. మధ్యలో ఏం చేసేవాడో ఇన్నేళ్ళూ అడగలేదు. ఉప్పు రాసి, ఒక రోజంతా గాలికి ఆరబెట్టేవాడు. మూలన రెండు బూడిద కుప్పలున్నాయి. ఒకటి కట్టె బూడిద, నల్లగా. రెండోది బొగ్గుల బూడిద, పిండిలా తెల్లగా. అంటే రెండు నిప్పులు. ముందు ఎండుకట్టెతో సన్నటి పొగ, తర్వాత బొగ్గులతో గట్టి సెగ.

అంతా చదివినట్టయింది. చదువు అబ్బలేదని ఆవిడకు చిన్నప్పుడే చెప్పేశారు.

రెండో కోడిని అలాగే చేసింది. ఆరాక తోలు కాగితంలా బిగుసుకుంది. రెండో నిప్పు పెట్టిన అరగంటకు రంగు తిరిగి, గోటితో తడితే టక్కుమంది. ఆవిడ ఒక్కతే ఉంది కొట్టంలో. ఇంకోసారి తట్టింది. టక్కుమంది. పక్కన చేపలావిడ మెడ చాచి, “ఏంటి నీళ్ళక్కా, లోపల ఎవరో తలుపు కొడుతున్నారు?” అంది.

“నేనే, నా తలుపు నేనే కొట్టుకుంటున్నా” అంది ఆవిడ. ఎప్పుడో గాని నవ్వని మనిషి కాబట్టి చేపలావిడ రెండుసార్లు చూసింది.

కోడిని పళ్ళెంలో పెట్టి, పైన ఇంకో పళ్ళెం బోర్లించి, గుడ్డ చుట్టి, చల్లారిపోకుండా పరుగులాంటి నడకతో సందు దాటింది. మెట్లెక్కి, మంచం పక్కన కూర్చుని, మూత తీసి, ఆయన చెవి దగ్గర కొరికింది.

చప్పుడు లేదు. తోలు పెదవులకు మెత్తగా అతుక్కుంది.

రెండు దెబ్బలు.

“అక్కడ మోగిందయ్యా. నా గోటికింద మోగింది.”

ఆయన ఆవిడను చూడలేదు. స్టూలు మీద బోర్లించి పెట్టిన పై పళ్ళెం వైపు చూశాడు. తర్వాత గోడ వైపు తిరిగాడు.

మూడో కోడిని రెండు రోజులు ఆరబెట్టింది. కొట్టంలో ముందుకంటే గట్టిగా మోగింది. ఇంటికొచ్చేసరికి మళ్ళీ మెత్తబడింది. కింద కుట్టుపని ఆవిడ ఆ కోడి తుంటి తోలు ముక్క నోట్లో వేసుకుని నములుతూనే ఉంది.

“రుచి బాగుంది నీళ్ళక్కా. కానీ నమిలేసరికి నా మిషను రెండు జాకెట్లు కుట్టేస్తుంది. ఏమనుకోకు, కొందరి చెయ్యి అంతే. మా అత్త చెయ్యి తగిలితే కొత్త సూది కూడా తుప్పు పట్టేది.”

నవ్వుతూ అన్నదే. ఆవిడ మాత్రం తన చేతుల వైపు చూసుకుంది. ఇరవై రెండేళ్ళు నీళ్ళలో నాని వేళ్ళ చివర్లు ముడతలు పడి, గోళ్ళ చుట్టూ తెల్లగా పాలిపోయి ఉన్నాయి. తుడుచుకున్నా తడిగానే ఉన్నట్టు ఉంటాయి. ఆ చెయ్యి తగిలితే తోలు తడిగుడ్డ అవుతుందన్న మాటను ఆవిడ అన్నేళ్ళూ తిట్టనుకుంది. అది నిజమేమోనన్న అనుమానం మొదటిసారి వచ్చింది. వచ్చాక పోలేదు.

నాలుగో కోడికి రెండు చేతులకూ మణికట్టు దాకా పాతగుడ్డలు చుట్టుకుంది. కోడిని ఒక్కసారి కూడా వట్టిచేత్తో తాకలేదు. ఉప్పు గరిటెతో చల్లింది, పట్టకారుతో తిప్పింది. పళ్ళెం తెచ్చి స్టూలు మీద పెట్టేసరికి ఆయనకు దగ్గు తెర వచ్చింది. మెడ రంధ్రంలోంచి వచ్చిందంతా తుడిచి, దిండు ఎత్తుగా పెట్టి, ఆయన స్థిమితపడేసరికి చాలాసేపయింది. చేతి గుడ్డలు పాడయ్యాయి. విప్పేసి, చేతులు కడుక్కుని, ఆరేదాకా గాలికి ఊపి, పొడిగుడ్డలు చుట్టుకుంది. అప్పుడు పై పళ్ళెం ఎత్తింది.

పళ్ళెం అంచు నుంచి నీళ్ళు కారి, ఇప్పుడే చుట్టుకున్న పొడిగుడ్డను తడిపేశాయి.

ఆవిడ కదలకుండా ఆ గుడ్డనే చూసింది. పళ్ళేన్ని తిప్పి చూసింది. లోపలంతా నీటిబొట్లు, వానలో కిటికీ అద్దంలా. ఇరవై రెండేళ్ళు రోజుకు పదిసార్లు మూతలు ఎత్తింది. ఆ నీళ్ళు రోజూ చూసింది. డబ్బావాళ్ళకి కోడి లేదని ఆయన అరిచిన అరుపులన్నీ ఒక్కసారిగా చెవిలో పడ్డాయి.

“ఇదేనా?” అని పళ్ళెం ఆయన ముఖం ముందు పట్టింది.

ఒక దెబ్బ.

“మొదటిసారి మూత పెట్టుకొచ్చినప్పుడే చూశావు కదూ?”

ఒక దెబ్బ.

“మరి నోరు లేకపోతే లేకపోయింది, పలక ఉందిగా! చెప్పొచ్చుగా?”

ఆయన పలక కోసం చెయ్యి చాచాడు. రెండే మాటలు రాశాడు. రాయడానికి తొందరపడలేదు.

నువ్వు అడగలేదు.

*

పద్ధెనిమిదో రోజు మధ్యాహ్నం, ఎండ నడినెత్తిన ఉండగా, ఆవిడ అయిదో కోడిని వట్టి పళ్ళెంలో పెట్టుకుని మార్కెట్టులోంచి బయటికొచ్చింది. మూత లేదు, గుడ్డ లేదు. చేతులకు కూడా ఏమీ చుట్టుకోలేదు. ఈగలు ముసిరితే తల ఊపి తోలింది. సందులో వాళ్ళు ఆగి చూశారు. ఒక కుక్క కుట్టుపని ఆవిడ గుమ్మం దాకా వెంటబడింది.

“ఏంటి నీళ్ళక్కా, ఊరేగింపా? గాల్లో పెట్టుకొస్తే చల్లారిపోదూ?”

“చల్లారనీ.”

మూడు రోజులుగా ఆయనకు జ్వరం తగ్గడం లేదు. కళ్ళు లోపలికి పోయాయి. మరిది కాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆవిడ మంచం పక్కన కూర్చుంది. రొమ్ము మీది తోలు వెడల్పాటి ముక్క ఒలిచి, ఆయన చెవికి జానెడు దూరంలో కొరికింది.

తోలు విరిగింది. గదిలో అంతా వినపడింది. కింద కుట్టుమిషను ఒక్క క్షణం ఆగింది.

ఆయన కళ్ళు తెరిచాడు. కమ్మీ మీద స్పూను వరసగా కొట్టుకుంది.

ఆవిడ ఇంకో ముక్క కొరికింది. ఇంకోటి. ఉప్పు, పొగ, నాలుక మీద కరిగే కొవ్వు. ఇది ఇంత బాగుంటుందని ఇన్నేళ్ళూ ఎవరూ ఆవిడకు చెప్పలేదు. ఆ రుచికి ముందు కోపం వచ్చింది, తర్వాత ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే తింది. స్పూను ఆగినప్పుడు ఆగింది, కొట్టినప్పుడు కొరికింది. రొమ్ము అయిపోయి తుంటికి వచ్చింది. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు గానీ, చెవి మాత్రం దిండు మీంచి లేచి ఆవిడ నోటి వైపు తిరిగి ఉంది. అన్నేళ్ళ కాపురంలో ఆయన ఆవిడ నోటి వైపు అంత శ్రద్ధగా చెవి పెట్టింది ఆ ఒక్కసారే.

తోలంతా అయిపోయింది. ఆయన తలగడ కిందికి చెయ్యి పోనిచ్చి సూపర్‌వైజరు ఇచ్చిన కాగితం తీశాడు. మరిది లేచి పెన్ను అందించాడు. పెన్ను పక్కకు జారిపోతుంటే ఆవిడే మోచేతిని పట్టుకుంది. ఆ పట్టుకున్న చేతితోనే ఆయన అక్షరం అక్షరంగా పేరు రాశాడు. ఆవిడ కూడబలుక్కుని చదివింది. తమ్ముడి పేరు.

“తప్పు రాశావు” అంది మెల్లగా.

రెండు దెబ్బలు.

“మాటిచ్చావు. ఎవరు విరిస్తే వాళ్ళ పేరన్నావు. నీ తమ్ముడి ముందే అన్నావు.”

ఆయన సంతకం పెట్టి, కాగితం తమ్ముడి చేతిలో పెట్టి, పలక అందుకున్నాడు.

వాడే నడపాలి. నువ్వు నేర్పు.

ఆవిడ చదివే దాకా ఆగి, అరచేత్తో తుడిచేశాడు. గొంతు లేనివాడితో పోట్లాడటం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. తుడిచేస్తే ఆ మాట ఉండదు. మరిది కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ, “అన్నయ్య ఇష్టం వదినా, నేనేమన్నా అడిగానా?” అన్నాడు.

సంతకం పెట్టిన ఆరో రోజున ఆయన పోయాడు. మధ్యాహ్నం, పాలు గొట్టంలో సగం దిగి నిలిచిపోయాయి. ఆవిడ మిగిలిన పాలు పారబోసింది. తర్వాత గిన్నె కడిగి, అలవాటుగా మూత వెతుక్కుని, ఆగి, బోర్లించింది.

*

మరిది పక్కా మనిషి. ఒక నోటుపుస్తకం పట్టుకుని వచ్చి వసారాలో కూర్చున్నాడు.

“వదినా, వరసగా చెప్పు. ఉప్పెంత?”

చెప్పింది.

“ఆరబెట్టడం ఎంతసేపు? ఫ్యానుకి ఎంత దూరంలో?”

చెప్పింది. కట్టె ఏదంటే చెప్పింది. బేసినులో నీళ్ళు పోయాలా అంటే వద్దంది. రెండో నిప్పు ఎప్పుడు, బొగ్గులెన్ని, గోటితో తట్టితే ఎలా మోగాలి, అన్నీ చెప్పింది. ఒక్క అబద్ధం ఆడలేదు. అతను అడుగుతున్నంతసేపూ, ఆ ఒక్కటీ అడుగుతాడేమోనని ఎదురుచూసింది. అడిగితే చెప్పేదే. ఆ సంగతి తర్వాత తనకు తాను చాలాసార్లు చెప్పుకుంది.

వారానికి కొట్టం తెరిచాడు. గోడలకు సున్నం వేయించాడు, డ్రమ్ముకు ఎర్రరంగు వేయించాడు. ఆవిడ పొద్దున్నే వచ్చి కుళాయి దగ్గర కూర్చుంది. ముందు రోజు కడిగిచ్చిన ముప్పై కోళ్ళు కిటికీ దగ్గర ఆరి ఉన్నాయి. ఇవాళ్టి ముప్పై ఆవిడ ముందున్నాయి. కాలిన కోడి ఎలా ఉందో చూద్దామని గడప దాకా వచ్చింది.

“లోపలికి రాకు వదినా, చేతులు తడి” అన్నాడు మరిది. కోపంగా కాదు, పనిలో ఉండి అన్నాడు.

ఆవిడ గడప దగ్గరే ఆగింది. కోళ్ళు బాగా కాలాయి. రంగు వచ్చింది. అతను గోటితో తడితే బయటికి వినపడింది. మొదటి కోడి కొన్నాయన అక్కడే నిలబడి కొరికి, తలాడించి, ఇంటికి ఇంకో రెండు కట్టమన్నాడు.

మరిది బల్లకింద నుంచి కొత్త ప్లాస్టిక్ డబ్బాల దొంతర తీశాడు. తెల్లటి డబ్బాలు, అద్దంలాంటి మూతలు, మూత మీద ఎర్రటి కోడి బొమ్మ.

“అన్నయ్య డబ్బావాళ్ళని తరిమేవాడు. సగం బేరం అక్కడే పోయేది. ఎలా ఉన్నాయి వదినా?”

“బొమ్మ బాగుంది” అంది ఆవిడ.

వేడివేడి కోడిని పెట్టి మూత నొక్కాడు. టక్కుమంది. ఇంకో డబ్బా, టక్కు. కొనేవాళ్ళు వరస కట్టారు. పక్కన పేర్చిన డబ్బాల్లో మొదటిదాని మూత లోపలివైపు పొగమంచు పట్టి, కోడి బొమ్మ వెనక అసలు కోడి కనపడకుండా పోయింది.

మరిది తలెత్తాడు. ఆవిడ ఇంకా గడప దగ్గరే ఉండటం చూసి ఏదో తట్టినట్టు, “వదినా, అన్నీ చెప్పినట్టేగా?” అన్నాడు.

“నువ్వు అడిగినవన్నీ చెప్పా.”

అతను తలూపి మూతలు నొక్కుతూ పోయాడు. ఆవిడ కుళాయి దగ్గరికి వెళ్ళి కూర్చుంది. నీళ్ళు తిప్పి, మొదటి కోడిని కాళ్ళు పట్టి దగ్గరికి లాక్కుంది.